గడిలో టిక్ పెడితే ఇచ్చేవి రెండు అనుమతులు

సంపాదకులకు నమస్కారం.

పరిశోధన వ్యాసాన్నో సిద్ధాంత గ్రంథాన్నో విశ్వవిద్యాలయ డిజిటల్ రిపాజిటరీలో (పరిశోధనలను ఆన్‌లైన్‌లో భద్రపరిచి అందరికీ అందించే భాండాగారంలో) పెట్టేటప్పుడు చివర్లో ‘నాకు సమ్మతమే’ అనే గడి వస్తుంది. చాలామంది చదవకుండానే టిక్ పెట్టేస్తారు. చాలాచోట్ల ఆ ఒక్క టిక్కుతో రెండు వేర్వేరు అనుమతులు ఇచ్చేసినట్టే.

మొదటిది రిపాజిటరీకి. ఫైలును భద్రపరచడానికి, పాతబడిన ఫార్మాట్ నుంచి కొత్తదానికి మార్చడానికి, లోకానికి అందించడానికి ఇచ్చే నాన్-ఎక్స్‌క్లూజివ్ అనుమతి అది. అంటే అదే అనుమతిని రచయిత ఇతరులకూ ఇవ్వొచ్చు. కాపీరైట్ రచయిత దగ్గరే ఉంటుంది, భయపడాల్సిందేమీ లేదు.

ఆలోచించాల్సింది రెండోదాని గురించి. అది పాఠకులకిచ్చే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్స్. రచనను ఏ షరతులతో ఎవరైనా వాడుకోవచ్చో ముందే చెప్పే అనుమతి పత్రం. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఫైలును సైటు నుంచి తీసేసినా, అప్పటికే ఆ లైసెన్సుతో ప్రతి పొందినవారి హక్కు పోదు. ‘ఎందుకైనా మంచిది’ అని సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ (పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చి పంచకూడదు అనే లైసెన్స్) ఎంచుకునేవారు ఒకటి గమనించాలి. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది కాబట్టి, ఎన్‌డీ ఉన్న వ్యాసాన్ని ఎవరైనా తెలుగులోకి తెచ్చి పంచాలంటే మళ్లీ రచయిత అనుమతి అడగాల్సిందే. పేరు చెప్పాలన్న షరతుతో వాడుకోనిచ్చే సీసీ బైలో ఆ చిక్కు లేదు, రచయిత పేరు మాత్రం చెప్పి తీరాలి.

అసలు పేచీ జర్నల్‌తో వస్తుంది. కాపీరైట్ మొత్తం ప్రచురణకర్తకు రాసిచ్చాక, ఆ వ్యాసానికి సీసీ లైసెన్స్ ఇచ్చే అధికారం రచయితకు ఉండదు. సమీక్ష ముగిసి ఆమోదం పొందిన రాతప్రతిని 6, 12 లేదా 24 నెలల గడువు తర్వాత పెట్టుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. జనం మాత్రం ఆ రాతప్రతికి బదులు జర్నల్ సైటు నుంచి దించుకున్న పీడీఎఫ్‌నే ఎక్కిస్తారు. తొలగించమని నోటీసు వచ్చాక వెతికితే ఆ రాతప్రతి దొరకదు. ఆమోదం మెయిల్ వచ్చిన రోజే ఆ వర్డ్ ఫైలును విడిగా దాచుకోవాలి. ఏ జర్నల్ ఏ ప్రతికి ఒప్పుకుంటుందో బ్రిటన్ సంస్థ జిస్క్ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్ వెబ్‌సైటులో చూడొచ్చు. వెనకటి షెర్పా రోమియో సైటు అదే. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ విభాగ అధ్యాపకులు 2008లోనే జర్నళ్లతో వచ్చే ఈ పేచీకో దారి వేశారు. ఏ జర్నల్‌తోనూ ఒప్పందం కాకముందే విశ్వవిద్యాలయానికి నాన్-ఎక్స్‌క్లూజివ్ అనుమతి ఇచ్చేలా విధానం ఆమోదించుకున్నారు.

ఇతరుల ఫొటోలు, పటాలు వాడితే ‘ఇది ఈ లైసెన్స్ పరిధిలోకి రాదు’ అని ఆ బొమ్మ కిందే రాయాలి. సహరచయితల సమ్మతి మెయిల్‌లో ఉంచుకోవాలి.

రిపాజిటరీలు నడిపేవారికి మా విన్నపం: రెండు అనుమతులకూ రెండు గడులు పెట్టండి. ఏ సీసీ లైసెన్సునూ ముందే ఎంచి ఉంచకండి. రచయిత ఒప్పుకున్న లైసెన్స్ పాఠాన్ని తేదీతో సహా ఆ ఫైలు వెంటే భద్రపరచండి. వెబ్‌పేజీలో పాఠం మారిపోతే, ఎవరు దేనికి ఒప్పుకున్నారో తేల్చడానికి మరో ఆధారం ఉండదు.

— డిజిటల్ గ్రంథాలయ నిర్వాహకులు