తూటాకు ఛార్జింగ్ అక్కర్లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

సైన్స్ ఫిక్షన్ సినిమాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. గ్రహాలు దాటి వెళ్లే సైనికులు కూడా ఇంకా తూటాలే పేలుస్తారేంటి, ఊహలు కరువయ్యాయా అని వ్యాసకర్త ఎగతాళి చేశారు. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను. ఈ విషయంలో ఆయన కంటే సినిమావాళ్ల లెక్కే కరెక్టు.

ఏకే-47 నుంచి దూసుకెళ్లే గుండు బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 700 మీటర్ల పైచిలుకు. లెక్క కడితే దాదాపు 2,000 జౌళ్లు. అంత శక్తినీ ఇచ్చేది రెండు గ్రాములు కూడా లేని తుపాకి మందు. బరువుకు బరువు తూస్తే ఇప్పటి బ్యాటరీలు ఆ మందు ముందు నిలవవు. మండడానికి కావలసిన ఆక్సిజన్ కూడా అందులోనే ఉంటుంది కాబట్టి గాలి లేనిచోటా పేలుతుంది. 1975లో సోవియట్ వాళ్లు సల్యూట్-3 అంతరిక్ష కేంద్రం మీద ఫిరంగి పెట్టి పేల్చి చూశారు కూడా. ఇక తూటా పేలాక ఎగిరిపడే ఇత్తడి గుల్ల ఉత్త చెత్త కాదు, కొంత వేడిని బయటికి మోసుకుపోతుంది. గుల్ల లేని తూటాలతో జర్మన్లు జీ-11 రైఫిల్ చేయబోతే, వేడెక్కిన తుపాకీలో తూటాలు వాటంతటవే పేలడం పెద్ద తలనొప్పైంది.

లేజర్ సంగతికొస్తే, 2025 ఏప్రిల్ 13న మన కర్నూలు రేంజ్‌లోనే డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చింది. తయారీలో ముందున్నది హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ ‘చెస్’. గర్వపడాల్సిందే. కొన్ని సెకన్లు ప్రయోగించడానికి రెండు లీటర్ల పెట్రోలు ఖర్చేనట, చౌక కూడా. కానీ దాన్ని మోసేది వాహనం. పెట్టిన కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. ఆ వేడిని చల్లార్చే సరంజామా వీపున కట్టుకుని ఏ జవాను పరుగెత్తుతాడు? పొగమంచు, దుమ్ము, వాన అడ్డొస్తే కాంతి చెదిరిపోతుంది. పైగా ఒకే చోట కాసేపు నిలిపి ఉంచాలి, శత్రువేమో గోడ చాటుకు పోతాడు. పోనీ కళ్ల మీద కొడదామంటే, శాశ్వతంగా చూపు పోగొట్టే లేజర్లను 1995 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది.

సినిమావాళ్ల అవసరం ఇంకోటి. 1986లో వచ్చిన ‘ఏలియన్స్’ కథ జరిగేది 2179లో. అందులో సైనికులు పట్టుకున్న పల్స్ రైఫిల్ తొడుగు తీస్తే లోపలున్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి థాంప్సన్ తుపాకీ! గుండు లేని బ్లాంక్ తూటాలే అయినా నిప్పు నిజం, చప్పుడు నిజం. నాకైతే అందుకే ఆ సినిమా నచ్చింది.

కర్నూలు పరీక్ష జరిగి నెల తిరక్కముందే ఆపరేషన్ సిందూర్‌లో పాక్ డ్రోన్లను కూల్చిన వాటిలో ఎప్పటివో ఎల్-70 విమాన విధ్వంసక గన్‌లూ ఉన్నాయి. వాటికి లక్ష్యాన్ని పసిగట్టి గురిపెట్టే కొత్త పరికరాలు తగిలించారు, అంతే.

ఇకమీదట కొత్త ఆయుధం వార్త వేసేటప్పుడు దాని బరువెంత, కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది, వానలో పనిచేస్తుందా అనే మూడు ముక్కలు కూడా రాయించండి. సైన్యంలో అధికారులయ్యేందుకు ఎన్‌డీఏ పరీక్షకు చదివే మా వీధి పిల్లలు మీ పేపరే తిరగేస్తున్నారు.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
నంద్యాల