పోయాయన్న టేపులు పోలేదు

బెంగళూరు ఎస్పీ రోడ్డులోని మా షాపుకి కంప్యూటర్ డేటా దాచిన పాత బ్యాకప్ టేపులు ఇచ్చినవారందరికీ నమస్కారం. ఈ నెలన్నరలో ముగ్గురికి ఫోన్ చేసి, మీ డీఎల్‌టీ టేపు (పెద్ద క్యాసెట్ రకం) పాడైపోయింది, అందులో డేటా ఇక రాదు అని చెప్పాను. ఆ మాట తప్పు. టేపులు బాగానే ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా కేబుల్ తప్పుని మీ టేపుల మీదికి నెట్టాను.

మేం టేపులు చదివే పీసీలో అడాప్టెక్ 2940యూడబ్ల్యూ అనే పాత స్కజీ కార్డు (డ్రైవులని పీసీకి కలిపేది) ఉంది. చాలాకాలం దానికి బయటివైపు ఒక్క డీఎల్‌టీ 8000 డ్రైవే ఉండేది, ఆ డ్రైవు వెనక రెండో సాకెట్‌కి టెర్మినేటర్, అంటే కేబుల్ కొసని మూసే బిరడా. ఏ గొడవా లేదు. ఈమధ్య డీడీఎస్ టేపులు, అదే ఆ చిన్న క్యాసెట్లు, ఎక్కువగా వస్తున్నాయని ఒక డీడీఎస్-3 డ్రైవుని పీసీ లోపలే బిగించాను. దానికి 50 పిన్నులు. లోపలి రిబ్బన్ కేబుల్‌కి 68. మధ్యలో చిన్న అడాప్టర్ పెట్టి తగిలించాను. డ్రైవు మీద టెర్మినేషన్ జంపర్ (డ్రైవులోని టెర్మినేటర్‌ని ఆన్ చేసే చిన్న మూత) పెట్టాను. కార్డు ఇప్పుడు రెండు కేబుళ్ల నడుమకి వచ్చింది కదా అని దాని టెర్మినేషన్ మొత్తం ఆఫ్ చేశాను. అంతా సరిగ్గానే చేశానని ఆరోజు అనుకున్నాను.

ఈ కేబుల్ సంగతి తెలియనివారికి ఒక ముక్క. స్కజీలో డ్రైవులన్నీ ఒకే తీగల వరుసని పంచుకుంటాయి. ఆ వరుసకి రెండు కొసల్లోనూ టెర్మినేటర్ ఉండాలి, మధ్యలో ఒక్కటి కూడా ఉండకూడదు. కొసలో అది లేకపోతే సిగ్నల్ అక్కడిదాకా వెళ్లి, బావిలో కేకేస్తే మారుమోగినట్టు, వెనక్కి తిరిగొచ్చి తర్వాతి సిగ్నల్‌లో కలిసిపోతుంది.

68 పిన్నుల కేబుల్‌లో డేటా తీగలు 16. 50 పిన్నుల డ్రైవుకి అందులో 8 మాత్రమే అందుతాయి. నేను పెట్టిన జంపర్ ఆ డ్రైవు దాకా వచ్చిన తీగలకే పనికొస్తుంది. మిగతా 8 డేటా తీగలు, వాటిలో తప్పులు పట్టే ప్యారిటీ తీగ ఒకటి, మొత్తం తొమ్మిది ఆ అడాప్టర్ దగ్గర ఏ టెర్మినేషనూ లేకుండా వేలాడుతున్నాయి.

నేను బోల్తాపడింది ఇక్కడే. డీడీఎస్ డ్రైవు ఆ తొమ్మిది తీగల జోలికే పోదు, కాబట్టి దాని టేపులు చక్కగా చదివింది. డీఎల్‌టీ కూడా బూట్ అయ్యేటప్పుడు తన పేరు, మోడల్ బుద్ధిగా చెప్పేది, ఎందుకంటే ఆ పలకరింపు నెమ్మదిగా, మొదటి 8 తీగల మీదే నడుస్తుంది. టేపు చదవడం మొదలై 16 తీగల మీదా డేటా వేగంగా వచ్చేసరికి ప్యారిటీ ఎర్రర్, ఆ వెంటనే బస్ రీసెట్ (తీగల వరుస మొత్తం ఆగి మళ్లీ మొదలవడం). డ్రైవు కనిపిస్తోంది, పక్క డ్రైవు పనిచేస్తోంది, ఇంక మిగిలింది టేపే కదా అనుకున్నాను. క్లీనింగ్ టేపు రెండుసార్లు తిప్పి, తీర్పు చెప్పేశాను.

కళ్లు తెరిపించింది ఒక ఆడిటర్ గారు. వేరే వేరే ఏళ్లవి అయిదు టేపులు ఇచ్చారు, అయిదూ చదవడం లేదన్నాను. "అయిదూ ఒకేసారి ఎలా పోతాయండీ?" అన్నారు. ఆ సాయంత్రం నా సొంత టేపు ఒకటి, పోయినేడు ఇదే డ్రైవులో మొదటినుంచి చివరిదాకా చదివినది, పెట్టి చూశాను. అదీ ఆగిపోయింది! లోపలి రిబ్బన్ పీకేసి, కార్డు టెర్మినేషన్ ఆన్ చేస్తే మొత్తం చదివింది. మొదటిరోజే చేయాల్సిన పని ఇది.

ఇప్పుడు ఆ అడాప్టర్ లేదు. కార్డు మీదే 50 పిన్నుల సాకెట్ వేరుగా ఉంది, డీడీఎస్‌కి అక్కడినుంచి రిబ్బన్ వేశాను. బూట్‌లో కంట్రోల్-ఏ నొక్కి కార్డు సెట్టింగుల మెనూకి వెళ్లి టెర్మినేషన్‌ని లో ఆఫ్, హై ఆన్ అని మార్చాను. కింది, అంటే మొదటి 8 తీగలు కార్డు దాటి ముందుకి వెళ్తాయి, పై 8 కార్డు దగ్గరే ఆగుతాయి కాబట్టి అక్కడే టెర్మినేషన్ అన్నమాట. పై తీగలకి టెర్మినేషన్ ఉన్న అడాప్టర్లు కూడా ఉంటాయి. మన రోడ్డులోనే నాలుగు షాపులు తిరిగాను, అందరూ మామూలుదే తీసి చూపించారు. లోపలిదీ బయటిదీ కలిపి కేబుల్ పొడవు 3 మీటర్లు దాటకుండా చూసుకున్నాను, ఈ వేగంలో అంతకు మించకూడదు.

ఆ ముగ్గురిలో ఇద్దరి డేటా వచ్చేసింది, ఆడిటర్ గారివి అయిదూ అందులోవే. మూడో ఆయన నా మాట నమ్మి టేపుని ఈ-వేస్ట్‌కి ఇచ్చేశారు. ఫోన్‌లో ఆయనకి ఏం చెప్పాలో తోచలేదు. ముగ్గురి డబ్బులూ వెనక్కి ఇచ్చేస్తున్నాను. ఈ నెలన్నరలో కొన్ని ఫైళ్లే వచ్చాయని నేను చెప్పిన డీఎల్‌టీ టేపులు కూడా తెచ్చివ్వండి, ఉచితంగా మళ్లీ చదువుతాను. నిండా ఉన్న 40 జీబీ టేపు ఆగకుండా తిరిగినా దాదాపు రెండు గంటలు పడుతుంది, అందుకని కొత్త పనులు ఒక వారం ఆలస్యమవుతాయి.

ఇంకొకటి. డ్రైవు కూడా తెచ్చేవాళ్లు దానితో వచ్చిన కేబుల్, టెర్మినేటర్ వదిలేయకండి. టెర్మినేటర్ వైరు లేని బొడిపె లాగా, పనికిరాని మూత లాగా ఉంటుంది. చాలామంది దాన్నే ముందు పారేస్తారు.