జిరాక్స్ షాపు చెల్లెమ్మకు, మిగిలిన అందరికీ కృతజ్ఞతలు

ఈరోజు పొద్దున 11 గంటల 20 నిమిషాలకు ఫోన్ మోగింది. చీనీ (బత్తాయి) చెట్లకు పాదులు చేస్తున్నాను. మట్టి చేతులు లుంగీకి తుడుచుకుని చూస్తే 75,000 రూపాయలు జమ అయినట్టు మెసేజ్. ఎవడో లోన్ ఇస్తానంటున్నాడేమో అనుకుని మళ్లీ చదివాను. నిజంగానే ఫారం పాండ్ రాయితీ, అదే పొలంలో తవ్వుకున్న నీటి కుంటకు ప్రభుత్వం ఇచ్చేది. దరఖాస్తు పెట్టింది 2023 ఆగస్టులో, ఇప్పుడు 2024 నవంబరు. పదిహేను నెలలు. అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఒళ్లు తేలికవుతుందనుకుంటే ఇన్నాళ్ల అలసటంతా ఒకేసారి మీద పడింది. రాత్రి పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది అనంతపురం జిల్లా. ఎర్రనేల, మూడెకరాల చీనీ తోట. 2023లో వానలు మొహం చాటేశాయి. బోరులో రెండించుల నీళ్లు ముప్పావు ఇంచుకు పడిపోయాయి. 340 చెట్లలో 40 చెట్లు కళ్ల ముందే ఎండిపోయాయి. అంత సన్నధారతో డ్రిప్ నడిపితే లైను చివరి చెట్లకు చుక్క కూడా చేరదు. కరెంటు ఉన్నంతసేపు ఆ ధారను ఒకచోట పట్టిపెట్టుకుని, కావలసినప్పుడు ఒక్కసారిగా వదులుకుంటే తప్ప తోట దక్కదు. మనసు కుంట మీద పడింది అందుకే.

ఉద్యాన శాఖ లెక్క ప్రకారం పొడవు 20 మీటర్లు, వెడల్పు 20, లోతు 3. లక్షన్నర ఖర్చవుతుందని అప్పట్లో వాళ్ల అంచనా, అందులో సగం రాయితీ. కాగితం మీద చూస్తే 12 లక్షల లీటర్లు పట్టాలి. కానీ గోడలు నిలువుగా తీస్తే కూలిపోతాయి కదా, వాలు ఇవ్వాల్సిందే. మీటరుకు మీటరు వాలు ఇచ్చేసరికి అడుగున మిగిలింది 14 మీటర్లే. అలా చూస్తే 8 లక్షల 76 వేల లీటర్లు. 300 చెట్లకు చెట్టుకు రోజూ 80 లీటర్ల చొప్పున నెల దాటి వస్తాయి. ఎండాకాలంలో రోజుకు వేలిమందం నీళ్లు ఎండే తాగేస్తుంది, అది వేరే సంగతి.

మార్చి మొదటి వారానికే నీళ్లు ఇంకిపోకుండా కుంటలో ప్లాస్టిక్ షీటు పరచడం అయిపోయింది, పని పూర్తయినట్టు చివరి ఫోటో కూడా ఆన్‌లైన్‌లో ఎక్కింది. ఇంతలో ఎన్నికల కోడ్ వచ్చింది. తర్వాత ప్రభుత్వం మారింది. బడ్జెట్ రాలేదన్నారు. సెప్టెంబరులో బిల్లు కదిలిందని తెలిసి పరుగెత్తితే ఫైలు వెనక్కి వచ్చి ఉంది. దరఖాస్తులో పాత సర్వే నంబరు ఉందట, భూముల రీసర్వే అయ్యాక 1బి అనే భూమి రికార్డులో ఎల్‌పీఎం అనే కొత్త నంబరు ఉందట, రెండూ కలవడం లేదట. మా జేజినాయన కాలం నుంచి దున్నుతున్న మడి, కంప్యూటరులో రెండు మడులైంది. ఆఫీసులో ఈ కిటికీలో అడిగితే ఆ కిటికీకి పొమ్మంటారు. అక్కడికి పోతే సారు మీటింగులో ఉంటారు. ఆ ఒక్క నెలలోనే ఐదుసార్లు తిరిగాను, పోను గంటన్నర, రాను గంటన్నర బస్సు.

ఆ ఆఫీసు ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉంది. జిరాక్స్ మిషను, లామినేషన్ మిషను, ఒక పాత కంప్యూటరు. నలభై ఏళ్ల ఆమె ఒకరు నడుపుకుంటున్నారు. అంతకుముందు నాలుగుసార్లు ఆమె దగ్గరే కాపీలు తీయించుకున్నాను కానీ ముఖం కూడా సరిగ్గా చూడలేదు. ఐదోసారి మధ్యాహ్నం రెండైంది. ఫైలు ఒళ్లో పెట్టుకుని షెడ్డు పక్కన బండ మీద కూర్చున్నాను.

"అన్నా, పొద్దున్నించి ఏమన్నా తింటివా?"

తిన్నానని చెప్పాను. నమ్మలేదు. క్యారియర్ మూత తీసి, సంగటి ముద్దను రెండుగా విరిచి, సగం మూతలో పెట్టి, పక్కన ఇంత ఊరిబిండి వేసి ఇచ్చింది. నేను తింటూ ఉంటే నా కవరు తీసుకుని కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. 'చూడమంటారా' అని అడగలేదు, చూసేసింది అంతే. పెన్సిల్‌తో రెండు చోట్ల సున్నా చుట్టింది.

"నీ నంబరు తప్పు కాదన్నా. ఇది పాతది, ఇది కొత్తది. రెండూ ఒకే మడి అని చూపించే కాగితం ఒకటుంటాది. అది జత చెయ్యలేదు. దీనికోసరమే నెల తిప్పినారా?"

నెల రోజులుగా ఆ లోపల ఎవరూ చెప్పని మాట అది. ఆ కాగితం ఎవరిని అడగాలో, ఏమని అడగాలో కూడా చెప్పి, అర్జీ తానే రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఆధార్‌లో మా నాయన పేరు చివర 'ప్ప' అని, 1బిలో 'య్య' అని ఉన్న సంగతి కూడా ఆమే పట్టుకుంది. నాకు యాభై దగ్గరపడుతోంది, ఆ తేడా నేనెప్పుడూ చూడలేదు! మధ్యలో ముగ్గురు వచ్చారు కాపీలకు. "కాసేపు ఉండండి, ఈ అన్న పని అయిపోనీ" అని నిలబెట్టింది.

పన్నెండు కాపీలు, 24 రూపాయలు. యాభై ఇచ్చి ఉంచుకోమన్నాను. 26 రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. "రాసినందుకు దుడ్లు తీసుకుంటే రాత్రికి నిద్ర పట్టదన్నా" అంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. అక్టోబరు మొదట్లో మళ్లీ ఫోన్, మీ కాగితాలు కనిపించడం లేదు, ఇంకో సెట్టు ఇవ్వండి అని. నేను అప్పటికే పక్క వీధిలో మందుల కొట్టు దగ్గర ఉన్నాను, అసలు కాగితాలన్నీ ఇంట్లో. సాయంత్రం లోపల ఇవ్వకపోతే మళ్లీ వచ్చే నెలే అన్నారు. రోడ్డు దాటి షెడ్డు దగ్గరికైతే పోయాను కానీ నోట మాట రాలేదు. ఆమె నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా వంగి బల్ల కింద నుంచి ఒక బ్రౌన్ కవరు తీసింది. ఆరోజే ఒక సెట్టు ఎక్కువ తీసి పెట్టిందట.

"మళ్లా అడుగుతారని తెలుసన్నా. ఎప్పుడూ ఇంతే ఈళ్లు."

కవరు మీద పెన్సిల్‌తో 'చీనీ తోట అన్న' అని రాసి ఉంది. లోపల ప్రతి కాగితం మీదా నా పేరుంది. పైన మాత్రం అట్లా రాసుకుంది.

కాగితాలు ఇచ్చేసి బస్సెక్కాను. కండక్టరు ఎక్కడికి అని అడిగితే చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది. పక్కనాయన టికెట్ చూపించి అదే కావాలని సైగ చేశాను. తువ్వాలు ముఖం మీద వేసుకుని ఊరు వచ్చేదాకా తీయలేదు.

ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినా ఇక్కడ రాయను, ఆ ఆఫీసు ముందరే ఆమె బతకాలి. వచ్చే కోతకు ఒక సంచి కాయలు తీసుకుపోతాను. వాటికి కూడా లెక్కపెట్టి డబ్బులు ఇస్తుందేమోనని భయం.

ఒక మాట మాత్రం అనకుండా ఉండలేను. సగం ప్రభుత్వం ఇస్తుంది అంటారు, ముందు మొత్తం రైతే పెట్టాలి. నాకు తవ్వకం, షీటు, కంచె అన్నీ కలిపి 1,64,000 అయింది. లక్ష నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను, మిగతాది ఇంట్లో సర్దుకున్నాం. మార్చి నుంచి ఇప్పటికి తొమ్మిది నెలలు, 18 వేలు వడ్డీకే పోయింది. అప్పు పుట్టనివాడికి ఈ పథకం ఉన్నా లేనట్టే. కౌలుకు చేసుకునేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. తవ్వాక కొంత, షీటు వేశాక కొంత ఇవ్వొచ్చు కదా? ఫోటోలు మాత్రం మూడు విడతలుగా కావాలి!

ఇంట్లోవాళ్ల గురించి ఏం రాస్తాను, ఇంట్లోవాళ్లే కదా. షీటు పరిచిన రోజు తమ్ముడు, మా ఆవిడ, పిల్లలు అందరూ ఎండలోనే ఉన్నారు.

మా ఊరి ఉద్యాన సహాయకురాలికి కృతజ్ఞతలు. నేను దరఖాస్తు పెట్టినప్పుడు బోర్డు మీద రైతు భరోసా కేంద్రం అని ఉండేది, ఇప్పుడు రైతు సేవా కేంద్రం. ఆ అమ్మాయి ఓపిక మాత్రం మారలేదు. చివరి ఫోటో ఎక్కడానికి సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి గట్టు మీద ముప్పావు గంట నిలబడింది.

కుంట తవ్విన ఇటాచి మిషను డ్రైవరు తమిళనాడు అబ్బాయి. గంటల లెక్కన వచ్చినవాడు, తవ్వి పోవచ్చు. మిషను ఆపి, గుంతలోకి దిగి, అడుగున సూదిరాళ్లు చేత్తో ఏరాడు. "రాయి ఉంటే షీటు పోతుంది సార్" అన్నాడు. ఆ గంటకు డబ్బులు కూడా వేసుకోలేదు.

మొన్న అక్టోబరులో పండమేరు వాగు పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి చూడండి, ఆ వానలకే మా బోరు కోలుకుని కుంట నిండింది. అక్కడ జనం ఇళ్లలో బురద ఎత్తిపోసుకుంటుంటే ఇక్కడ నేను నీళ్లు చూసి మురిసిపోవడం సిగ్గనిపించింది. అయినా మురిశాను.

మరిచిపోయాను, గొర్రెల పెద్దాయన. కంచె వేసేదాకా పది రోజులు మందను మా గట్టు వైపు రానివ్వలేదు. ఒక్క గిట్ట దిగినా షీటుకు చిల్లే.

ఇంకా లైన్‌మన్. ఇటాచి వచ్చిన రోజు తీగ కిందికి వేలాడుతుంటే సప్లై ఆపించి, పని అయ్యేదాకా అక్కడే ఉన్నాడు. పంక్చర్ షాపు అతను పాత టైర్లు ఊరికే ఇచ్చాడు. ఎవరైనా జారితే పట్టుకుని ఎక్కడానికి తాడుకు కట్టి లోపలికి వేశాం. తడిసిన షీటు సబ్బులా జారుతుంది, చూడడానికి వచ్చేవాళ్లు పిల్లల్ని మాత్రం గట్టు ఎక్కనివ్వకండి.

ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. "ఇంట్లో సర్దుకున్నాం అని రాస్తివే, ఆ 64 వేలకు గాజులు కుదువ పెట్టింది ఎవరంట?" అంది. రాశాను. పొద్దున్నే మొదటి బస్సుకు పోయి విడిపించుకొస్తాను.