ల్యాబ్ తాళం జనవరిలోనే కాదు, జూన్ నుంచీ తీయనివ్వండి
విద్యాశాఖ మంత్రి గారికి ఒక బయాలజీ ల్యాబ్ అసిస్టెంట్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో ఒక బాలికల గురుకులంలో బయాలజీ ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. హైస్కూలు పిల్లలకూ, ఇంటర్ బైపీసీ పిల్లలకూ కలిపి ఒకటే ల్యాబ్. నాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, పదకొండేళ్ల సర్వీసు. జీతాల సంగతి మావాళ్లు ఎన్నోసార్లు మీ దృష్టికి తెచ్చారు కాబట్టి నేను మళ్లీ ఎత్తను. ల్యాబ్‌లో పని ఎట్లా జరుగుతుందో, ఎందుకు జరగకుండా పోతుందో మాత్రం పైవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే రాస్తున్నాను.

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు కణ విభజన పాఠం ఉంటుంది. ఉల్లి వేరు కొసలో మైటాసిస్ చూపించాలి. పీరియడ్ గురువారం ఉందనుకోండి, నేను శనివారమే ఉల్లిగడ్డలు పెట్టాలి. ఎండిన పాత వేర్లను బ్లేడుతో గీకేసి, వెడల్పు మూతి సీసాల్లో నీళ్లు నింపి, గడ్డ అడుగు నీళ్లకు తగిలీ తగలనట్టు కూర్చోబెడతాను. నీళ్లు రోజూ మార్చాలి, లేకుంటే గడ్డ కుళ్లి వాసన వస్తుంది. నాలుగో రోజుకు తెల్లటి వేర్లు దారాల్లా దిగుతాయి. వాటి కొసలు కోయడానికి ఒక వేళ ఉంది. పొద్దున ఎనిమిదిన్నర, పదిన్నర మధ్య కోస్తేనే విభజనలో ఉన్న కణాలు బాగా దొరుకుతాయి. కోసిన కొసలను వెంటనే అసిటిక్ ఆమ్లం ఒక వంతు, ఆల్కహాల్ మూడు వంతులు కలిపిన ద్రావణంలో వేసి ఒక రోజు ఉంచాలి. మర్నాడు ఒక కొసను స్లైడు మీద పెట్టి, ఆమ్లం చుక్క, అసిటోకార్మిన్ రంగు వేసి, స్పిరిట్ దీపం మీద ఆరిపోకుండా వెచ్చచేసి, కవర్ స్లిప్ కప్పి బొటనవేలితో నొక్కాలి. బలంగా నొక్కితే గాజు పగులుతుంది. మెల్లగా నొక్కితే కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఎర్రటి ముద్ద తప్ప ఏమీ కనపడదు. ఆ ఒత్తిడి ఎంతో చేతికి తెలియాలి, నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

రెండేళ్ల కింద చందంపేట వైపు తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ స్లైడు చూసింది. చాలాసేపు కన్ను తీయలేదు. వెనక వరుసలో పిల్లలు తోసుకుంటున్నా కదల్లేదు. తర్వాత తలెత్తి, "మేడం, ఇవి రెండు దిక్కులకు గుంజుకున్నట్టున్నయ్" అంది. క్రోమోజోములు రెండు వైపులకూ విడిపోయే ఆ దశను పుస్తకంలో అనాఫేజ్ అని రాసి ఉంటుంది. ఆ పేరు ఆ పిల్లకు అప్పటికి నోటికి రాలేదు, కానీ జరిగేదేమిటో చూసి చెప్పేసింది. పక్కనే ఇంకో కణంలో 16 క్రోమోజోములు లెక్కపెట్టడానికి ముగ్గురు కలిసి పీరియడ్ అయిపోయేదాకా ప్రయత్నించారు.

నిరుడు అదే పాఠానికి అదే పని చేశాను. వేర్లు దిగాయి. బుధవారం పొద్దున కోయడానికి బ్లేడు చేతిలో పట్టుకున్నానో లేదో, ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, సాయంత్రానికి పూర్తికావాలి, కంప్యూటర్ తెలిసినవాళ్లు లేరు. నేను తిరిగి ల్యాబ్‌కు వచ్చేసరికి ఒంటిగంట. అప్పుడు కోసిన కొసల్లో మర్నాడు పిల్లలు చూసిందల్లా విభజన మొదలు కాని మామూలు కణాలే. ఆ బ్యాచ్‌కు అనాఫేజ్ ఎప్పటికీ పుస్తకంలో బొమ్మగానే మిగిలిపోయింది. ఇందులో మా ప్రిన్సిపాల్ మేడం తప్పు ఉందని నేను అనను. ఆఫీసులో మనుషులు లేకపోతే ఆమె ఎవరిని పిలవాలి? ల్యాబ్‌లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. సీసాలో వేరు పెరుగుతుంటే పక్కన నిలబడ్డ మనిషి పని చేస్తున్నట్టు ఎవరికీ అనిపించదు.

డేటా ఎంట్రీ, స్టడీ అవర్ డ్యూటీ, మెస్ స్టోరు లెక్క, పరీక్షల బండిళ్లు, సెలవులో ఉన్న వార్డెన్ బదులు హాస్టల్ రాత్రి కాపలా, ఇవన్నీ నేను చేశాను. చేయననడం లేదు. కానీ నా పోస్టుకు ఒక జాబ్ చార్ట్, అంటే నేను చేయాల్సిన పనుల జాబితా అంటూ చేతికి ఇచ్చినవాళ్లు పదకొండేళ్లలో లేరు. కాగితం మీద లేని పనికి సమయం అడిగే హక్కు నాకు లేదు.

దీని ఫలితం ప్రాక్టికల్స్ రోజు బయటపడుతుంది. బోటనీకి 30, జువాలజీకి 30 మార్కులు. జనవరి వచ్చిందంటే ల్యాబ్ తుడిచి, స్పాటర్లు (చూసి గుర్తుపట్టాల్సిన నమూనాలు) వరుసగా పెట్టి, రికార్డులు దిద్దించి హడావుడి చేస్తాం. ఆ రికార్డుల్లో సగం బొమ్మలు స్లైడు చూసి గీసినవి కావు, సీనియర్ల రికార్డు చూసి గీసినవి. ఒక ఏడు ఒక అమ్మాయి ఎగ్జామినర్ ముందు మైక్రోస్కోపు పెద్ద స్క్రూ తిప్పుతూ పోయింది. 45 ఎక్స్ లెన్సు దిగి దిగి స్లైడుకు తగిలి టక్కున పగిలింది. ఆ పిల్ల ఏడుపు ఆపడానికి అరగంట పట్టింది. పెద్ద లెన్సు పెట్టాక చిన్న స్క్రూ మాత్రమే తిప్పాలని నేను క్లాసులో చెప్పాను. కానీ ఆ పిల్ల మైక్రోస్కోపును చేత్తో ముట్టుకోవడం అది రెండోసారి. సైకిలు ఎట్లా తొక్కాలో నోటితో చెప్పి వదిలేస్తే ఎవరు తొక్కుతారు?

మా దగ్గర మైక్రోస్కోపులు పన్నెండు ఉన్నాయి, పనిచేసేవి ఏడు. మిగిలిన ఐదు విరగలేదు. వానాకాలం తేమకు లెన్సుల లోపల బూజు పట్టింది, వెలుతురుకు పట్టి చూస్తే సాలెగూడులా కనిపిస్తుంది. పిల్లలకు ఇచ్చే బూట్ల డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వస్తాయి. వాటిని ఏరి, ఎండలో పెట్టి, మైక్రోస్కోపు పెట్టెల్లో వేసి మిగతా ఏడింటిని కాపాడుకుంటున్నాను. ఏడాదికి ఒకసారి లెన్సులు విప్పి శుభ్రం చేసే మెకానిక్‌ను పంపితే ఆ ఐదింటిలో రెండు మూడైనా బతుకుతాయి. కొత్తవి కొనే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

సామాన్ల విషయంలో ఒక్క సంగతి చెప్తాను, అది మీకు తెలియాలి. ఏడాదికి ఒకసారి ఇండెంట్, అంటే కావలసిన సామాన్ల జాబితా, పెడతాం, సరుకు ఎప్పుడు వస్తే అప్పుడు. ఒకసారి రక్తం గ్రూపు చూసే యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి సీసాలు ఏప్రిల్ ఎండలో ఐసు లేకుండా పార్సిల్‌లో వచ్చాయి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పెట్టె తెరిచేసరికి సీసాలు వేడిగా ఉన్నాయి. తెచ్చినవి వాడకపోతే మాటొస్తుందని, ఒక్కొక్కరికి ఒక కొత్త లాన్సెట్ (వేలు పొడిచే సూది) చొప్పున వాడి పరీక్ష మొదలుపెట్టాం. పదిమందిలో తొమ్మిదిమందికి ఓ నెగెటివ్ వచ్చింది! మన దగ్గర ఓ నెగెటివ్ చాలా అరుదు. అక్కడే ఆపేశాను. మందు చచ్చిపోయింది, ఏ గ్రూపు రక్తకణాలూ దానికి గుంపు కట్టడం లేదు, అందుకే ఓ నెగెటివ్‌లా కనిపించింది. కానీ అప్పటికే ఇద్దరు పిల్లలు తమ గ్రూపు నోటుబుక్కు అట్ట మీద రాసేసుకున్నారు. వాళ్ల చేత కొట్టివేయించి, దవాఖానలో చూపించుకునేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాను. రేపు ఆపదలో ఆ అట్ట చూసి ఎవరైనా నమ్మితే? నల్గొండలో సర్జికల్ షాపుకు పోతే తాజా సీసాలు ఐసు డబ్బాలో పెట్టి ఇస్తారు. ల్యాబ్ పేరిట నెలకు కొద్ది మొత్తం ప్రిన్సిపాల్ చేతిలో ఉండి, బిల్లు చూపించి లెక్క చెప్పే వీలుంటే చాలు. కవర్ స్లిప్పులు, అయోడిన్, సాఫ్రనిన్ ఇప్పటికీ చాలావరకు అట్లనే తెస్తున్నాను, నా డబ్బులతో.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిన నాయనమ్మను, గారపట్టిన పళ్లను వాళ్లు ఇంట్లోనే చూస్తూ పెరిగారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, అంతే. బీకరులో బోరు నీళ్లు పోసి సున్నం, పటిక కలిపి తిప్పితే, విరిగిన పాలలా తుట్టెలు కట్టి మెల్లగా అడుక్కి దిగుతాయి. ఫ్లోరైడ్ చాలావరకు ఆ మడ్డితో పాటే పోతుంది. మా జిల్లా పేరున్న పద్ధతిని మా పిల్లలు చేతులతో చేసి చూడకపోతే ఎవరు చూస్తారు?

ఒక ఏడు మా సైన్స్ టీచర్ సొంతంగా ఫ్లోరైడ్ పరీక్ష కిట్ తెచ్చారు. జిర్కోనియం-అలిజరిన్ ద్రావణం, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎర్రటి రంగు పసుపుకు తిరుగుతుంది. సెలవులకు పోయిన పిల్లల్ని తలా ఒక సీసా నీళ్లు తెమ్మన్నాం. నల్లా నీళ్లు తెచ్చినవాళ్లవి మారలేదు. ఇప్పుడు ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి అది మంచి కబురే. కానీ ఒక అమ్మాయి పొలం కాడి బోరు నీళ్లు తెచ్చింది, అవి చూస్తుండగానే పసుపు రంగుకు తిరిగాయి. ఆ పిల్ల పీరియడ్ మధ్యలోనే లేచి, "మేడం, మా నాయిన పొద్దుందాక గవ్వే తాగుతడు, ఫోన్ చేసి చెప్తనే" అంది. ఆఫీసు ఫోన్ ఇప్పించాం. ఆ కిట్ అయిపోయాక మళ్లీ రాలేదు. ఇండెంట్ జాబితాలో అది లేదట.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. ల్యాబ్ అసిస్టెంట్ పనికి రాతపూర్వకంగా ఒక జాబ్ చార్ట్ ఇవ్వండి. అందులో ప్రాక్టికల్ పీరియడ్‌తో పాటు దాని ముందు చేసే తయారీ సమయం కూడా పనిగంటలుగా రాయించండి. వారానికి ఇన్ని ప్రాక్టికల్ పీరియడ్లు జూన్ నుంచే జరగాలని టైంటేబుల్‌లో పెట్టించండి. తనిఖీకి వచ్చే అధికారులు రికార్డు పుస్తకాలు చూసి సంతకం పెట్టి పోకుండా, ఒక పిల్లను పిలిచి ఒక స్లైడు ఫోకస్ చేయమంటే అంతా తెలిసిపోతుంది. చిల్లర ఖర్చులకు డబ్బు సంగతి పైన రాశాను.

ఇంకొక్కటి, ఆలస్యం చేయకూడనిది ఉంది. మా ల్యాబ్‌లో కిటికీ పక్క అల్మారాలో నేను చేరకముందు నుంచీ ఫార్మలిన్ (జీవుల నమూనాలు కుళ్లకుండా ఉంచే ద్రవం) సీసాలు ఉన్నాయి. పాము, తేలు, బద్దెపురుగు, నక్షత్ర చేప, ఒక కోడిపిల్ల పిండం. ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి నేనే నింపుతుంటాను. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. మా గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు. చేతి తొడుగులు నేను కొనుక్కుంటాను, కళ్లద్దాలు లేవు. పోయిన మే నెలలో బడికి సెలవులిచ్చి తలుపులు మూసినప్పుడు రెండు సీసాల మూతల మైనం కరిగి, లోపలిది ఆవిరై గదంతా పట్టింది. జూన్‌లో గది ఊడ్వడానికి ముందు లోపలికి పోయింది మా ఆయమ్మ. కళ్లు మండి, ఊపిరాడక బయట గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు రోజులు దగ్గింది. ఆమెకు ఆ సీసాల్లో ఏముందో ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాది, ఆమెకు చెప్పుకున్నాను.

పాము, తేలు ఎండి నల్లబడ్డాయి, పిల్లలకు చూపించడానికి ఇక పనికిరావు. వాటిని పారేద్దామంటే ఎక్కడ పారేయాలో, ఎవరు తీసుకుపోతారో మా స్థాయిలో ఎవరికీ తెలియదు. మోరీలో పోయలేను, బడి వెనక పాతిపెట్టలేను, ఆ పక్కనే బోరు ఉంది. రెండు సీసాలనూ ఒక ప్లాస్టిక్ బకెట్లో పెట్టి, మూత బిగించి, ముట్టుకోవద్దని పెద్ద అక్షరాలతో రాసి ల్యాబ్ మూలన ఉంచాను. వాటిని తీసుకుపోయే మనిషిని పంపమని సంబంధిత శాఖకు ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. వచ్చే మే సెలవులు రాకముందే.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక బయాలజీ ల్యాబ్ అసిస్టెంట్,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా