వార్షిక నివేదిక: సైనికుల వితంతువుల పెన్షన్ దస్త్రాలు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన చరిత్ర అధ్యయన సంఘం అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి పెన్షన్ దస్త్రాలను చేపట్టింది. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇవి దాదాపు 80,000 ఉన్నాయి. కవరు మీది అక్షరం ముందు చూడండి: ఎస్ అంటే సైనికుడిది, డబ్ల్యూ అంటే వితంతువుకు మంజూరైంది, ఆర్ అంటే తిరస్కరించింది. ఆర్ ఉన్నంత మాత్రాన అబద్ధపు దరఖాస్తు అనుకోకూడదు. చాలాసార్లు రుజువు చాలలేదు, లేదా సర్వీసు ఆరు నెలలకు తగ్గింది.

చట్టాల వరస తెలియకుండా దస్త్రం తెరిస్తే తలాతోకా దొరకదు. 1780లో కాంటినెంటల్ కాంగ్రెస్ (అప్పటి అమెరికా రాష్ట్రాల ప్రతినిధుల సభ) చనిపోయిన ఆఫీసర్ల భార్యలకు ఏడేళ్లపాటు సగం జీతం ఇస్తామంది. మామూలు సిపాయిల వితంతువులకు వర్తించే చట్టం 1836 జూలై 4న గానీ రాలేదు. అదీ భర్త చివరి సర్వీసు ముగిసేలోపు పెళ్లయినవారికే. 1838లో ఆ గడువు 1794కు ముందు పెళ్లిళ్లకు, 1848లో 1800కు ముందు పెళ్లిళ్లకు జరిగింది. 1853లో తేదీ నిబంధనే తీసేశారు. అంటే 1801లో పెళ్లయిన ఆవిడ 1853 దాకా బతికుండాలన్నమాట!

వితంతువు పెన్షన్ భర్త సర్వీసును బట్టి ఉండేది: రెండేళ్లు పనిచేసిన సిపాయి లెక్కన ఏడాదికి 80 డాలర్లు, ఆరు నెలలైతే 20.

అసలు చిక్కంతా రుజువు దగ్గరే. 1800 నవంబరులో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి కాగితాలు పోయాయి కాబట్టి, తోటి సిపాయిల ప్రమాణ వాంగ్మూలాలే దిక్కు. భర్త అప్పటికే పెన్షన్ తీసుకుని ఉంటే సర్వీసు గొడవ తీరినట్టే. పెళ్లి రుజువు అంతకంటే కష్టం. టౌన్ క్లర్కు రిజిస్టరులోనో చర్చి రిజిస్టరులోనో పేరుంటే సరి. లేకపోతే పెళ్లి చూసినవాళ్ల సాక్ష్యం, పిల్లల పుట్టిన తేదీలు. కొందరు ఇంట్లో బైబిల్లోంచి పెళ్లిళ్లు, పుట్టుకలు రాసుకున్న ఆకును చింపి వాషింగ్టన్‌కు పంపేశారు. ఆ ఆకులు ఈనాటికీ దస్త్రాల్లోనే ఉన్నాయి, ఇంటికి తిరిగి రాలేదు.

దరఖాస్తు కోర్టులో ప్రమాణం చేసి ఇవ్వాలి, క్లర్కు ముద్ర పడాలి. చదువురాని ఆవిడ సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టేది. క్లర్కు చెవికి వినపడినట్టు పేరు రాసేవాడు. అందుకే ఒకే దస్త్రంలో ఇంటిపేరు మూడు రకాలుగా కనిపిస్తుంది. నకలు రాసేటప్పుడు దాన్ని సరిదిద్దకండి, ఉన్నదున్నట్టే దించండి.

ఈ యుద్ధం తాలూకు చివరి వితంతు పెన్షనరు, వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఎస్తర్ డేమన్, 1906లో చనిపోయింది. ఆమె 1835లో తనకంటే యాభై ఏళ్లకు పైగా పెద్దవాడైన మాజీ సైనికుడిని పెళ్లాడింది.

వచ్చే ఏడాది అమెరికా, బ్రిటన్‌ల మధ్య జరిగిన 1812 యుద్ధపు దస్త్రాలు చేపడతాం. వాటికి 1871 చట్టం 60 రోజుల సర్వీసు అడిగింది, 1878 చట్టం 14 రోజులకు దించింది. ఏ దరఖాస్తు ఏ చట్టం కిందిదో ముందే వేరుచేసి పెట్టుకుందాం.