సానరాయి కంపెనీ సంగతి

రాలీ, నార్త్ కరోలినా
9 నవంబరు 2025

పూజ్యులైన నాయినకు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, సంతోషం.

మా పక్క ఊరి వుల్ఫ్‌స్పీడ్ కంపెనీ దివాలా సంగతి పేపర్లో చూసి, అదే సరుకు చేసే నా కంపెనీ కూడా మునుగుతుందేమోనని మీరు బెంగపెట్టుకున్నారట. ఫోన్లో సగమే చెప్పగలను కనుక రాస్తున్నాను.

మేము పెంచే సిలికాన్ కార్బైడ్ మీకు కొత్తదేమీ కాదు. నల్లగొండ గడియారం సెంటర్లో మీరు కొడవళ్లకు పదును పెట్టించిన కార్బొరండం రాయి అదే. 1891లో ఎడ్వర్డ్ ఆచెసన్ అనే అమెరికావాసి కృత్రిమ వజ్రాలు చేయబోయి, బంకమట్టినీ కోక్ బొగ్గు పొడినీ కరెంటుతో కాల్చగా అది పుట్టింది. అందులో కార్బన్‌తో పాటు, కొరండం అనే ఖనిజంలో ఉండే అల్యూమినా కూడా ఉందని పొరబడి కార్బొరండం అని పేరు పెట్టాడు. పేరు తప్పినా వ్యాపారం తప్పలేదు. దాన్నే లోపాల్లేని ఒకే స్ఫటికంగా పెంచి పలుచని బిళ్లలుగా కోస్తే, సిలికాన్ కంటే దాదాపు పది రెట్ల విద్యుత్ క్షేత్రాన్ని తట్టుకుంటుంది. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చేచోట దాన్ని వాడేది అందుకే.

చిక్కంతా పెంచడంలో ఉంది. సిలికాన్‌ను కరిగించి, ఆ ద్రవం నుంచి నిలువెత్తు కడ్డీని రెండు మూడు రోజుల్లో లాగవచ్చు. సిలికాన్ కార్బైడ్ మామూలు పీడనంలో కరగదు, నేరుగా ఆవిరవుతుంది. గ్రాఫైట్ మూసలో పొడి పోసి, మూతకు లోపలివైపు విత్తన బిళ్ల అంటించి, రెండు వేల డిగ్రీలకు పైగా కాల్చితే ఆ ఆవిరి విత్తనం మీద పేరుకుంటుంది. వారానికి రెండు వేళ్ల మందం పెరిగితే మాకు పండగే. పగిలిందో లేదో మూస తెరిచేదాకా తెలియదు; మొదటి ఏడాది సగానికి పైగా పగుళ్లే. ఆ రోజుల్లో పొద్దున కొలిమి దగ్గర, సాయంత్రం జీతాల లెక్కల దగ్గర ఉండేదాన్ని. “ఇంత చదివి షావుకారువయ్యావా బిడ్డా” అని మీరడిగింది అప్పుడే.

ఇక వుల్ఫ్‌స్పీడ్ సంగతి. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1987లో క్రీ అన్న పేరుతో దాన్ని మొదలుపెట్టి, 1989లో నీలి ఎల్‌ఈడీని అమ్మకానికి తెచ్చారు. 2021లో పేరు మారింది. పెద్ద బిళ్లల కోసం అప్పులతో భారీ ఫ్యాక్టరీలు కట్టారు. కార్ల గిరాకీ అనుకున్నంత పెరగలేదు, చైనా సరుకు ధర పడిపోయింది. జూన్‌లో దివాలా చట్టం కింద రక్షణ కోరి, అప్పు చాలామటుకు తగ్గించుకుని సెప్టెంబరులో బయటపడ్డారు. మూతపడలేదు.

నన్నూ రెండేళ్ల క్రితం ఒక పెట్టుబడిదారుడు, అప్పు తెచ్చి కొలుములు రెట్టింపు చేయమని ఒత్తిడి చేశాడు. మన బత్తాయి తోట గుర్తొచ్చింది. మూడో బోరూ ఎండినప్పుడు ఊరంతా నాలుగోది వేయమంటే, మీరు సగం చెట్లను వదిలేసి మిగతా సగాన్ని బతికించారు. నేనూ పెద్ద బిళ్లల జోలికి పోకుండా పరిశోధనశాలలకు కావలసిన చిన్నవాటికే పరిమితమయ్యాను. అయినా ఈ ఏడాది ఇద్దరిని పనిలోంచి తీయవలసి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సంక్రాంతికి వస్తున్న చిన్నబావతో తేనెరంగు ముక్క ఒకటి పంపుతున్నాను. పోయిన నెల మూసలో పగిలింది. కొడవలి మీద గీసి చూడండి.

ఇట్లు,
మీ పెద్దబిడ్డ