ఇంటిదొంగ నికెల్

శీనూ,

"నాచుతో గ్యాసా? మా చెరువు కూడా పట్టుకుపో" అని ఫోన్‌లో నవ్వావు కదా. నాచుతో హైడ్రోజన్ గ్యాసు తీసే నా ప్రయోగం సంగతి ఫోన్‌లో చెబితే సగమే వింటావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నా ఘనకార్యం విను. మొదట్లో నా సీసాల్లో బుడగలే బుడగలు. ఎగిరి గంతేశాను కూడా. పరీక్షిస్తే అంతా ఆక్సిజనే, హైడ్రోజన్ ఊసే లేదు! తప్పు నేను కలిపిన ద్రావణంలో ఉంది. నాచు పెంచడానికి వాడే ఆ ద్రావణాన్ని బీజీ-11 అంటారు, అందులో లీటరుకి ఒకటిన్నర గ్రాముల సోడియం నైట్రేట్ పడుతుంది. నైట్రేట్ లేనిది పొయ్యాల్సింది, అలవాటుగా మామూలుదే పోసేశాను. నైట్రేట్ రూపంలో నత్రజని నోటికే అందుతుంటే అనబీనా (నేను పెంచే నాచు పేరు) గాలిలోంచి ఎందుకు లాక్కుంటుంది? నైట్రోజినేజ్ అనే ఎంజైమునే తయారు చెయ్యదు. మన హైడ్రోజన్ వచ్చేది దాన్నుంచేరా బాబూ. ఒక నత్రజని అణువుని అమ్మోనియాగా మార్చినప్పుడల్లా కనీసం ఒక హైడ్రోజన్ అణువు బయటపడుతుంది. అందుకు 16 ఏటీపీలు (కణంలో శక్తిని మోసే అణువులు) ఖర్చు, చాలా ఖరీదైన బేరం.

ఆదివారం ఊరెళ్ళాను. ఊడ్పులయ్యాయి, చేలల్లో మోకాలి లోతు బురద. గట్టు మీద బాబాయికి ఇదంతా చెబితే, "యూరియా దండిగా జల్లితే నాచు బద్ధకిస్తుందని మాకెప్పుడో తెలుసు, దానికి ఎమ్మెస్సీ కావాలా?" అన్నాడు.

ఇక లోహాలు. నైట్రోజినేజ్ గుండెకాయలో ఒక మాలిబ్డినం, ఏడు ఇనుము పరమాణువులు ఉంటాయి. మాలిబ్డినం బదులు టంగ్‌స్టన్ పోస్తే మోసపోయి దాన్నే తగిలించుకుని పనికి రాకుండా పోతుంది. కొన్ని అనబీనాలైతే మాలిబ్డినం దొరకనప్పుడు వెనేడియంతో ఇంకో ఎంజైము కట్టుకుంటాయి. అది అమ్మోనియా తక్కువ చేసి, హైడ్రోజన్ ఎక్కువ వదులుతుంది. మనకి మంచిదే!

నాకు బాగా నచ్చింది మాత్రం నికెల్ కథ. ఈ నాచులో ఇంటిదొంగ ఒకడున్నాడు, అప్‌టేక్ హైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైము. బయటికి రావాల్సిన హైడ్రోజన్‌ని లోపలే మింగేస్తాడు. వాడి పనిముట్టు నికెల్, ఇనుము కలిసిన ముడి. నికెల్ అందకపోతే వాడి చేతులు కట్టేసినట్టే. ఈశ్వరుడైనా పట్టలేని దొంగని ఇలా పట్టొచ్చు! అయితే అన్ని నాచులకీ ఈ ఎత్తు పనికిరాదు. సినెకోసిస్టిస్ అనే ఇంకో రకం నాచు హైడ్రోజన్ ఇచ్చేది కూడా నికెల్ ఉన్న ఇంకో హైడ్రోజినేజ్‌తోనే. అక్కడ నికెల్ ఆపితే ఉన్నదీ పోతుంది.

బీజీ-11లో నికెల్ విడిగా వెయ్యరు కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. మొన్న రాత్రి నిద్రలో గుర్తొచ్చింది, నేను నీళ్ళు మరగబెడుతున్నది హాస్టల్ స్టీలు గిన్నెలో! చాలా స్టీలు గిన్నెల్లో నికెల్ ఉంటుంది కదా. ఎంత దిగుతుందో ఏమో గానీ, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇప్పుడు ఆసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ సీసాలతో మళ్ళీ మొదలుపెట్టాను.

దసరాకి వచ్చేటప్పుడు నాలుగు మంచి మూత సీసాలు పట్టుకురా. స్టీలువి వద్దు.

నీ
రాంబాబు